‘పెద్దమనిషి’, ‘డెబ్యుటాంట్’: అమ్మాయిని లోకానికి చూపించే మాటలు

డెబ్యూ అనే మాట తెలుగువాళ్లకు కొత్తది కాదు. కుర్రాడు మొదటి టెస్టు ఆడితే డెబ్యూ, కొత్త హీరోయిన్ తొలి సినిమా చేస్తే డెబ్యూ. పత్రికలవాళ్లు దాన్నే ‘అరంగేట్రం’ అని రాస్తారు. ఇంగ్లీషువాళ్లు మాత్రం దాదాపు రెండు వందల ఏళ్లుగా ఈ మాట చివర ‘టాంట్’ అని తోక తగిలించి, దాన్ని ఒక రకం మనిషికి పేరుగా వాడుతున్నారు. డెబ్యుటాంట్ అంటే పదిహేడు, పద్దెనిమిదేళ్ల పెద్దింటి అమ్మాయి, అప్పటిదాకా ఇంట్లో చదువుకుంటూ ఉండి మొదటిసారి నలుగురిలోకి వచ్చినది. తెలుగులో దీనికి సరిగ్గా అతికే మాట లేదు. దగ్గరగా వచ్చేవి చాలానే ఉన్నాయి: పెద్దమనిషి అయిన పిల్ల, సమర్తాడిన పిల్ల, ఓణీలు వేసుకున్న పిల్ల. ఆడపిల్ల ఎదిగిందన్న కబురు ప్రతి సమాజమూ చెప్పుకుంటుంది. ఆ కబురు దేని పేరు పెట్టి చెబుతారు, ఎవరికి చెబుతారు అన్న దగ్గరే దారులు వేరవుతాయి. ఆ తేడా మాటల్లో దాగి ఉంది.

ఫ్రెంచి మాట ముందు ఆటలది. ‘బ్యూ’ అంటే గురి. గురి చూసి మొదటి దెబ్బ వెయ్యడం ‘దెబ్యూ’. అక్కడి నుంచి అది నాటకశాలకు వెళ్లి, నటుడు మొదటిసారి వేదిక ఎక్కడానికి పేరైంది. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషులో డెబ్యుటాంట్ అంటే ముందుగా కొత్త నటే. పెద్దిళ్ల ఆడపిల్లలకు ఈ పేరు ఆ తర్వాత అంటుకుంది. ఇందులో ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ఆ కాలంలో నాటకాలాడే స్త్రీని మర్యాదస్తుల ఇళ్లలోకి రానిచ్చేవాళ్లు కాదు. అయినా సొంత కూతురిని బయటికి తెచ్చే రోజుకు ఆ నటి పేరే తెచ్చి పెట్టుకున్నారు. అందులో నిజమే ఉంది: దుస్తులు, దీపాలు, నెలల తరబడి ప్రాక్టీసు, చూసి మార్కులు వేసే జనం. తేడా అల్లా, నటికి ఆడడానికి ఒక పాత్ర ఉంటుంది, ఈ పిల్లకు ఏ పాత్రా లేదు. వాళ్లు చూడడానికి వచ్చింది ఆమెనే.

ఫ్రెంచి మాట కంటే ఇంగ్లీషువాళ్ల వాడుక మాట ఇంకా చిన్నది. అమ్మాయి ‘అవుట్’ అనేవాళ్లు, అంటే బయటికి వచ్చింది అని. ‘అవుట్’ అయిన పిల్ల విందులకు వెళ్లవచ్చు, బాల్‌లో అంటే నాట్యసభలో నాట్యం చెయ్యవచ్చు, పరాయి మగవాళ్లతో పరిచయం చేసుకోవచ్చు. ‘అవుట్’ కాని పిల్ల తల వంచుకుని, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పాలి. జేన్ ఆస్టెన్ 1814లో ప్రచురించిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ నవలలో, లండన్ నుంచి వచ్చిన ఒక యువతి ఆ ఇంట్లో పెరుగుతున్న పేద బంధువుల పిల్ల ‘అవుటా, కాదా’ అని తేల్చుకోలేక తికమక పడుతుంది. పిల్లను విందుకు పిలుస్తున్నారు కాబట్టి బయటికి వచ్చినట్టే. కానీ ఆమె నోరు విప్పదు కాబట్టి రానట్టే. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఒక జమీందారిణి, ఐదుగురు అక్కచెల్లెళ్లూ ఒకేసారి ‘అవుట్’ అయ్యారని విని నిర్ఘాంతపోతుంది. పెద్దదానికి పెళ్లి కాకుండా చిన్నవాళ్లు బయటికి రావడమా అన్నది ఆమె బాధ. ‘పెద్దపిల్ల పెళ్లి కాకుండా చిన్నదాని సంబంధం ఎలా చూస్తాం’ అన్న మాట విననివాళ్లు తెలుగునాట ఉండరు. ‘అవుట్’ అనే రెండక్షరాల మాట వెనక ఉన్నదీ ఆ లెక్కే.

బయటికి రావడం అన్నప్పుడు అమ్మాయే కర్త. అదే లండన్‌లో రాజదర్బారు దగ్గరికి వచ్చేసరికి వ్యాకరణం మారిపోయేది. అక్కడ ఆమెను ‘ప్రెజెంట్’ చేసేవాళ్లు, అంటే సమర్పించేవాళ్లు. తల్లో, దగ్గరి బంధువో తీసుకువెళ్లాలి. తీసుకువెళ్లే ఆమె అంతకు ముందు తానూ దర్బారులో సమర్పణ అయిన మనిషై ఉండాలి. తలలో నిప్పుకోడి ఈకలు, మేలిముసుగు, వెనక నేల మీద జీరాడే తెల్లటి దుస్తులు. లార్డ్ ఛాంబర్లెయిన్ అనే దర్బారు అధికారి గట్టిగా పేరు చదువుతాడు. అమ్మాయి మోకాలు బాగా వంచి నమస్కరించి, సింహాసనానికి వీపు చూపకుండా పక్కకు జరుగుతూ వెళ్లిపోవాలి. తొక్కుకుని పడకుండా ఇది చెయ్యడానికి డాన్సు మాస్టర్ల దగ్గర పాఠాలు చెప్పించుకునేవాళ్లు. నెలల టెన్షన్ అంతా క్షణాల్లో అయిపోయేది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారేది కాబట్టి, కొత్త పేరుతో మళ్లీ సమర్పణ. మనిషి ఒకతే అయినా, దర్బారు లెక్కలో ఎక్కేది మాత్రం ఎవరి కూతురు, ఎవరి భార్య అన్నదే.

ఆ తర్వాత మొదలయ్యేది ‘సీజన్’. ఈస్టర్ పండుగ తర్వాత మొదలై ఆగస్టులో పెద్దలు వేటకు పల్లెలకు వెళ్లిపోయేదాకా విందులు, బాల్‌లు, గుర్రప్పందేలు. మనకు ముహూర్తాల సీజన్ ఉన్నట్టే వాళ్లకిది సంబంధాల సీజన్. ఈ నాలుగు నెలల చుట్టూ పుట్టిన మాటలు ఎంత కఠినమైనవో చూడాలి. నాట్యానికి ఎవరూ పిలవక గోడ పక్కన కూర్చున్న పిల్ల ‘వాల్‌ఫ్లవర్’, అంటే గోడపువ్వు. రెండు మూడు సీజన్లు గడిచినా సంబంధం కుదరకపోతే ఆమె ‘షెల్ఫ్ మీద’ మిగిలినట్టు, అమ్ముడుపోని సరుకులాగా. అలా మిగిలినవాళ్లలో కొందరు ఓడ ఎక్కి భారతదేశం వచ్చేవాళ్లు. ఇక్కడ ఇంగ్లీషు దొరలు ఎక్కువ, వాళ్లకు ఈడైన ఇంగ్లీషు పిల్లలు తక్కువ. బొంబాయి, కలకత్తా, మద్రాసు రేవుల్లో దిగే ఈ అమ్మాయిలకు ‘ఫిషింగ్ ఫ్లీట్’ అని పేరు పెట్టారు, అంటే చేపలు పట్టడానికి వచ్చిన పడవల గుంపు. పెళ్లి కుదరక తిరుగు ఓడ ఎక్కినవాళ్లను ‘రిటర్న్‌డ్ ఎంప్టీస్’ అనేవాళ్లు, వాపసు వచ్చిన ఖాళీ సీసాలు అన్నమాట. పెళ్లిచూపుల్లో వద్దనిపించుకున్న పిల్ల గురించి ఇరుగుపొరుగు గుసగుసలాడుకోవడం తెలిసిన వాళ్లకు ఆ పేరు ఎంత గుచ్చుకుని ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మగపిల్లల గురించీ మాటలుండేవి, అయితే అవి గుట్టుగా. 20వ శతాబ్దంలో డెబ్యుటాంట్ల తల్లులు తగిన యువకుల జాబితాలు దగ్గర పెట్టుకుని ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్లు. కొందరి పేర్ల పక్కన ‘ఎన్.ఎస్.ఐ.టి.’ అని పొడి అక్షరాలు ఉండేవి. టాక్సీలో ఇతనితో పిల్లను ఒంటరిగా పంపడం క్షేమం కాదు అని దాని అర్థం. అమ్మాయి కాలు జారితే ఊరంతా అనే మాటలు ఉన్నాయి. అబ్బాయి చెయ్యి వేస్తాడని తెలిస్తే మాత్రం నాలుగు అక్షరాల సంకేతం, అదీ తల్లుల మధ్యే.

ఈ దర్బారు సమర్పణ 1958 మార్చిలో లండన్‌లో, ఆ ఏడాది జులైలో ఎడిన్‌బరోలో చివరిసారి జరిగింది. ఇంక ఉండదని అంతకు ముందు నవంబరులోనే ప్రకటన వచ్చింది. దాంతో ఆఖరి అవకాశం పోగొట్టుకోకూడదని దరఖాస్తులు వెల్లువెత్తాయి. మార్చిలో మూడు రోజుల పాటు దాదాపు 1,400 మంది అమ్మాయిలు రెండో ఎలిజబెత్ రాణి ముందు మోకాలు వంచారు. ఆపెయ్యడానికి కారణాల్లో ఒకటి డబ్బు. బిరుదులుండీ ఆస్తులు కరిగిపోయిన గొప్పింటి స్త్రీలు కొందరు, ఫీజు పుచ్చుకుని కొత్తగా డబ్బు చేసినవాళ్ల కూతుళ్లను తమ బంధువులుగా సమర్పించడం మొదలుపెట్టారు. తలుపు దగ్గర టికెట్లు అమ్ముతున్నారని తెలిశాక లోపలికి వెళ్లడంలో గొప్పేముంది? యుద్ధం తర్వాతి బ్రిటన్‌లో ఆడపిల్లలు ఉద్యోగాలకు, యూనివర్సిటీలకు వెళ్తున్న కాలం కూడా అది. దర్బారు పోయినా బాల్ పోలేదు. మూడో జార్జి రాజు తన భార్య షార్లెట్ పుట్టినరోజు పేరుతో 1780లో మొదలుపెట్టిన బాల్, మధ్యలో ఆగుతూ, మళ్లీ లేస్తూ ఇప్పటికీ వస్తోంది. అందులో తెల్లని గౌన్లు వేసుకున్న అమ్మాయిలు నమస్కరించేది ఒక పెద్ద పుట్టినరోజు కేకుకు.

మాట మాత్రం సముద్రాలు దాటి రకరకాలుగా బతికింది. వియన్నా ఒపేరా బాల్‌లో అమ్మాయిలకూ అబ్బాయిలకూ కూడా ఆ పేరే, జంటలుగా వచ్చి వాల్ట్స్ అనే నాట్యం చేస్తారు. ఫిలిప్పీన్స్‌లో ‘డెబ్యూ’ అంటే పద్దెనిమిదో పుట్టినరోజు. పద్దెనిమిది గులాబీలతో పద్దెనిమిది మంది మగవాళ్లు వరసగా వచ్చి ఆమెతో నాట్యం చేస్తారు. మెక్సికోలో పండుగ పదిహేనో ఏట. ‘కిన్సె’ అంటే పదిహేను, అందుకే అమ్మాయి ‘కిన్సెఞెరా’, అంటే పదిహేనేళ్లది. చర్చిలో పూజ, విందు, చివరిసారి చేతికిచ్చే బొమ్మ, చదును చెప్పులు విప్పి మడమల చెప్పులు తొడగడం. అక్కడ అమ్మాయి వెంట నడిచే కుర్రాళ్లను ‘చంబెలాన్’లు అంటారు. లండన్ దర్బారులో పేర్లు చదివిన ఛాంబర్లెయిన్ మాటా, ఇదీ ఒకే వేరు నుంచి వచ్చినవి. కూలిపనులు చేసుకునే కుటుంబం కూడా ఆ రోజుకు రాజదర్బారు మాటను అరువు తెచ్చుకుంటోంది. అందులో వెక్కిరించాల్సింది ఏమీ లేదు. ఏడాదంతా ఎవరూ పట్టించుకోని ఇల్లు, తమ పిల్లను ఒక్కరోజు రాణిలా చూసుకోవాలని కోరుకుంటోంది.

‘కమింగ్ అవుట్’కు పట్టిన దారి అన్నిటికంటే ఆశ్చర్యకరమైనది. ఇవాళ ఆ మాట వింటే ఒక స్వలింగ సంపర్కుడు తన సంగతి దాచకుండా చెప్పడం గుర్తుకొస్తుంది. చీకటి అల్మరాలోంచి బయటికి రావడం అనే పోలిక తర్వాత కలిసింది. మొదట ఆ మాట డెబ్యుటాంట్ల నుంచే తీసుకున్నారు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు న్యూయార్క్, బాల్టిమోర్ లాంటి నగరాల్లో మగవాళ్లు ఆడవేషాలు కట్టి పెద్ద బాల్‌లు జరుపుకునేవాళ్లు. అక్కడ మొదటిసారి తమవాళ్ల మధ్యకు రావడమే ‘కమ్ అవుట్’ కావడం. 1931లో బాల్టిమోర్ నల్లజాతివారి పత్రిక ఒకటి అలాంటి బాల్ వార్త రాస్తూ, వచ్చిన కొత్తవాళ్లను ‘డెబ్యుటాంట్లు’ అనే పిలిచింది. పెద్దింటి పిల్లను పెళ్లికి సిద్ధం చేసే మాట, పెళ్లి అనే ఏర్పాటులో చోటే లేని మనుషులకు ఆసరా అయింది. ‘బయటికి రావడం’లో కర్త తానే కాబట్టి అది వాళ్లకు పనికొచ్చింది. ‘సమర్పించబడడం’ ఎవరికీ పనికిరాలేదు.

అమెరికాలో ఇలాంటి బాల్‌కు ‘కొటీలియన్’ అని ఇంకో పేరు. ఫ్రెంచిలో దానికి అసలర్థం లోపావడా. 18వ శతాబ్దంలో ఒక నాట్యానికి ఆ పేరొచ్చి, నాట్యం నుంచి సభకు వచ్చింది. తెలుగు పాఠకుడికి ఇక్కడ ఓణీ గుర్తుకు రాకమానదు. బట్ట పేరుతో వయసును చెప్పడం చాలా చోట్ల ఉంది. వెయ్యేళ్ల కిందటి జపాన్ దర్బారులో పెద్దింటి పిల్లకు మొదటిసారి ‘మొ’ అనే కుచ్చెళ్ల వస్త్రం కట్టించే వేడుక పేరు ‘మొగీ’, అంటే మొ తొడగడం. పాత చైనాలో పదిహేనేళ్ల పిల్ల జుట్టు ముడివేసి ఆ ముడిలో కొప్పుసూది గుచ్చేవాళ్లు, ‘సూదికి వచ్చిన పిల్ల’ అంటే పెళ్లీడుకు వచ్చినదని. శరీరంలో వచ్చిన మార్పు నోటితో చెప్పలేనిది. బట్టా, జుట్టూ అందరికీ కనిపించేవి. చెప్పలేనిదాన్ని కనిపించేదాని మీద పెట్టి చెప్పడం మనుషులకు ఎప్పటి నుంచో తెలుసు.

పాత తెలుగు మాటలు ఆ మొహమాటం పెద్దగా పడలేదు. రజస్వల, పుష్పవతి సంస్కృతం నుంచి వచ్చినవి. మొదటిది అశుచిని గుర్తుచేస్తుంది, రెండోది పూవును. ‘ఈడేరింది’ అచ్చతెనుగు, వయసుకు అందుకుందని. వందేళ్ల కిందటి రాతల్లో ‘వ్యక్తురాలైంది’ అని కనిపిస్తుంది. వ్యక్తం కావడం అంటే బయటపడడం, ఇంగ్లీషు ‘అవుట్’కు ఇంతకంటే దగ్గరి మాట తెలుగులో లేదు. ఇళ్లలో ఎక్కువగా వినబడినది ‘సమర్తాడింది’. సమర్త అంటే సమర్థ, శక్తి కలిగినది. దేనికి శక్తి అన్నది మాత్రం మాట చెప్పదు, చెప్పాల్సిన అవసరం అప్పుడు లేదు. అగ్రవర్ణాల ఇళ్లలో ఎనిమిదో ఏటా, తొమ్మిదో ఏటా పెళ్లి చేసేసి, పిల్ల సమర్తాడాక కార్యం జరిపించి అత్తారింటికి పంపేవాళ్లు. అంటే లండన్‌లో పిల్ల ‘అవుట్’ అయ్యాక పెళ్లి, తెలుగునాట పెళ్లయ్యాక పిల్ల సమర్త. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు కనీసం పద్నాలుగుగా పెట్టడంతో ఈ వరస కదలడం మొదలైంది. 1978 సవరణ దాన్ని పద్దెనిమిదికి పెంచింది. పిల్లకు పదమూడేళ్లు, పెళ్లికి కనీసం ఇంకో ఐదేళ్లు. ఈ సందులో ‘సమర్థ’ అన్న మాట దేన్ని సూచించాలో తెలియక మెల్లగా పక్కకు తప్పుకుంది.

మిగిలింది ‘పెద్దమనిషి అయింది’. తెలుగులో ఇంతకంటే గౌరవమైన మాట ఇంకొకటి లేదు. ఊళ్లో తగువు తీర్చేవాడు పెద్దమనిషి. మాట మీద నిలబడేవాడు పెద్దమనిషి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు కూర్చుని కుదుర్చుకున్నది ‘పెద్దమనుషుల ఒప్పందం’, సంతకాలు చేసినవాళ్లంతా మగవాళ్లే. ఆ మాటనే పన్నెండేళ్ల పిల్లకు పెట్టి, ఆమెను ఏం చేసేవాళ్లు? మూలగదిలో కొత్త ఈతాకు చాప మీద కూర్చోబెట్టేవాళ్లు. ఎవరినీ తాకకూడదు, గడప దాటకూడదు, మగవాళ్ల కంట పడకూడదు. మగవాడు పెద్దమనిషైతే పదిమందిలో నోరు విప్పుతాడు. ఆడపిల్ల పెద్దమనిషైతే అప్పటిదాకా వీధిలో ఆడిన ఆటలు ఆగిపోతాయి. ఒకే మాట ఇద్దరికి ఇంత ఎదురెదురు అర్థాలు ఇవ్వడం బాధ కలిగించే సంగతి.

అలాగని ఆ మూలగదిలో ఉన్నదంతా చీకటే అనడం కూడా అన్యాయం. చిమ్మిలి దంచి పెట్టడం, పసుపు నీళ్ల స్నానం, ముత్తయిదువలు చుట్టూ చేరి సమర్త పాటలు పాడడం, మేనమామ చీరె సారె తేవడం ఇవన్నీ ఆ పిల్లకు దక్కేవి. ఒంట్లో ఏం జరుగుతోందో తెలియక భయపడిన పిల్లకు, ఇది అందరికీ అయ్యేదేనని చెప్పే ఆడవాళ్ల గుంపు దొరికేది. లండన్ దర్బారులో ఒంటరిగా మోకాలు వంచిన పిల్లకు అది లేదు.

ఇప్పుడు శుభలేఖల్లో ఈ మాటలేవీ కనిపించవు. ‘ఓణీల వేడుక’, ‘లంగాఓణీ ఫంక్షన్’, ‘హాఫ్ శారీ ఫంక్షన్’ అని వేస్తారు. స్థానిక నాయకుల ఇళ్లలోనైతే ‘నూతన వస్త్రాలంకరణ మహోత్సవం’, మరునాడు పేపర్ జిల్లా పేజీలో ఎమ్మెల్యే వచ్చి ఆశీర్వదించిన ఫొటో. చాలా ఇళ్లలో దీనికీ పిల్ల మొదటి నెలసరికీ తారీఖుల సంబంధం తెగిపోయింది. సెలవులు చూసుకుని, ఫంక్షన్ హాలు ఖాళీ చూసుకుని చేస్తున్నారు. అన్నకో తమ్ముడికో ‘పంచెల ఫంక్షన్’ కూడా కలిపి చేసేవాళ్లున్నారు. శరీరం పేరు తీసేసి బట్ట పేరు పెట్టడం వల్ల తండ్రి ఆఫీసులో కార్డులు పంచగలుగుతున్నాడు, పిల్ల క్లాసులో స్నేహితుల్ని పిలవగలుగుతోంది. ఇది చిన్న మేలు కాదు. దానితోపాటు వచ్చిన నష్టమూ ఉంది. మూలగదిలో ఆడవాళ్లు చెప్పే మాటలు ఫంక్షన్ హాలు స్టేజీ మీద ఎవరూ చెప్పరు. డ్రోన్ కెమెరా, డెకరేషన్, వందల మందికి భోజనాలు అన్నీ అమరినా, పిల్ల తన ఒంటి గురించి అడగాలనుకున్నది అడిగే చోటు మాత్రం ఆ ఏర్పాట్లలో ఉండదు. పేరు మారినప్పుడు ఆ పని స్కూళ్లూ తల్లులూ విడిగా అందుకోవాల్సింది. చాలా చోట్ల ఇంకా అందుకోలేదు.

అమెరికాలోని తెలుగు ఇళ్లకు ఓణీల ఫంక్షన్‌తో పాటు ఇంకో వేడుక కూడా ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏళ్ల తరబడి కూచిపూడో భరతనాట్యమో నేర్చుకున్న పిల్ల, హైస్కూలు వయసులో ఒక ఆడిటోరియంలో మొదటిసారి కచేరీ అంతా ఒంటిగా చేస్తుంది. దాన్ని అరంగేట్రం అంటారు, కూచిపూడివాళ్లు ఎక్కువగా రంగప్రవేశం అంటారు. అరంగు అంటే తమిళంలో వేదిక, ఏట్రం అంటే ఎక్కడం. ఫ్రెంచి ‘దెబ్యూ’ పెద్దింటి బాల్‌రూములకు చేరకముందు నాటకశాలలో ఇచ్చిన అర్థం సరిగ్గా ఇదే.

ఈ రెండు కార్డులూ ఒకే ఇంట్లో, నాలుగైదేళ్ల తేడాతో అచ్చవుతాయి. మొదటి కార్డులో ‘మా కుమార్తెను ఆశీర్వదించ ప్రార్థన’ అని ఉంటుంది, పిల్ల పని పీట మీద కూర్చుని అక్షింతలు వేయించుకోవడం. రెండో కార్డులో పిల్ల పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద గురువు పేరు. వచ్చినవాళ్లు అక్షింతలు తీసుకురారు, కుర్చీల్లో కూర్చుని చూస్తారు. తెర లేచేసరికి పక్కన గురువు నట్టువాంగం తాళాలు పట్టుకుని ఉంటారు. ఆ తర్వాతి రెండు మూడు గంటలూ తాళం తప్పితే తప్పినది ఆమెకే, నిలబెట్టుకుంటే నిలబెట్టుకున్నదీ ఆమే.